బొమ్మ లేని గోడ

గత సంవత్సరం షాబాన్ నెలలో, అసర్ నమాజు తర్వాత మా మదరసాలో జరిగే బాలికల తరగతిలో తౌహీద్ పాఠం చెబుతున్నాను. చెబుతూ చెబుతూ, "యూదులైనా క్రైస్తవులైనా అందరూ విగ్రహారాధకులే, పేర్లు మాత్రమే వేరు" అన్నాను. ముప్పై ఏళ్ళుగా నేను చెబుతూ వస్తున్న వాక్యం అది. ఎవరి దగ్గర నేర్చుకున్నానో కూడా గుర్తులేదు.

వెనుక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. పదమూడేళ్ళు ఉంటాయి. ఆమె తల్లి వివాహానికి ముందు ఇస్లాం స్వీకరించిన మహిళ. తల్లి తరపువారు నేటికీ క్రైస్తవులే.

"హజ్రత్, మా అమ్మమ్మ బొమ్మకు మొక్కదు. వాళ్ళ చర్చిలో బొమ్మే లేదు. గోడకు ఒక సిలువ ఉంది, దానికి కూడా ఎవరూ మొక్కరు. బొమ్మలకు మొక్కడం పాపమని అమ్మమ్మే అందరికీ చెబుతుంది. మరి ఆమె విగ్రహారాధకురాలు ఎలా అయింది?"

"పెద్దలు చెప్పేటప్పుడు విని ఊరుకోవాలి. కూర్చో" అన్నాను. తోటి పిల్లలు నవ్వారు. అమ్మాయి కూర్చుంది. పాఠం ముగిసేవరకు మళ్ళీ తల ఎత్తలేదు.

ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చాక ఆ ప్రశ్న నన్ను వదలలేదు. జవాబు తెలియక గద్దించానా అంటే, అదీ కాదు. రెండు వేర్వేరు విషయాలను ఇన్నేళ్ళుగా ఒకే మూటగా కట్టి పిల్లల చేతికి ఇస్తున్నానని ఆ క్షణంలో తెలిసి, ఆ సిగ్గును కోపంగా మార్చుకొని గద్దించాను. దేవుడు ఎవరు, ఆయన ఏకత్వం ఎలాంటిది అన్నది ఒక విషయం. ఆరాధించేవాని ఎదుట ఏది నిలబడవచ్చు, ఏది నిలబడకూడదు అన్నది మరొక విషయం. యూద ధర్మం ఈ రెండింటికీ ఒకే జవాబు ఇచ్చింది. క్రైస్తవం మొదటి ప్రశ్నకు దాదాపు ఒకే గొంతుతోనూ, రెండవదానికి పరస్పర విరుద్ధమైన గొంతులతోనూ జవాబు ఇచ్చింది. ఈ తేడా ఎరుగనివాడు ఆ అమ్మాయి అమ్మమ్మ గురించి మాట్లాడకూడదు. నేను మాట్లాడాను.

ముందు యూదుల సంగతి చూద్దాం. ఇస్రాయీల్ సంతతి విగ్రహాల జోలికి ఎన్నడూ పోలేదని ఎవరూ అనరు; వారి గ్రంథాలే అనవు. మూసా (అ) తూరు పర్వతానికి వెళ్ళి వచ్చేలోగా వారు ఆవుదూడను చేసుకున్నారు. ఆ దూడను చేసినవాడు హారూన్ (అ) అని నేటి తౌరాతు ప్రతి చెబుతుండగా, దివ్య ఖురాన్ తాహా సూరాలో ఆ నింద నుండి ప్రవక్తను తప్పించి సామిరీ పేరు చెబుతుంది. బైబిలులోని రాజుల గ్రంథంలో మరొక ఉదంతం ఉంది. ఎడారిలో పాముకాటుకు గురైనవారి కోసం మూసా (అ) చేయించిన ఇత్తడి సర్పానికి కాలక్రమంలో జనం ధూపం వేయసాగారు. హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించాడు. ప్రవక్త చేతి వస్తువే అయినా ఆరాధనకు పాత్రమైన మరుక్షణం అది మిగలకూడదన్నది ఆ రాజు తీర్పు.

బాబిలోను చెర తర్వాత మాత్రం యూదులలో విగ్రహం పట్ల ఏవగింపు వారి రక్తంలో కలిసిపోయింది. క్రీ.శ. 40 ప్రాంతంలో రోమన్ చక్రవర్తి కాలిగులా తన ప్రతిమను యెరూషలేము దేవాలయంలో ప్రతిష్ఠించాలని ఆజ్ఞాపించినప్పుడు, వేలాది యూదులు సిరియా పాలకుడు పెట్రోనియస్ ఎదుటికి వచ్చి, ముందు మమ్మల్ని చంపి ఆ తర్వాత ప్రతిమ నిలుపుకోమని మెడలు చాచారు. పొలాలు దున్నే కాలం దాటిపోతున్నా కదలలేదు. పెట్రోనియస్ జంకి జాప్యం చేశాడు. 41లో చక్రవర్తి హత్యకు గురికావడంతో ఆ ఆపద తప్పింది.

అయితే బొమ్మ లేకపోవడం మాత్రమే యూదుల తౌహీద్ కాదు. వారి మహాపండితుడు మూసా బిన్ మైమూన్ (యూదులు రంబం అంటారు) మిష్నా వ్యాఖ్యలో పదమూడు విశ్వాస సూత్రాలు రాశాడు. అరబీ భాషలోనే రాశాడు. రెండవ సూత్రం దేవుని ఏకత్వం: అది ఒక జాతిలో ఒకటి వంటిది కాదు, అనేక భాగాలు కలిసిన ఒకటి వంటిదీ కాదు. మూడవ సూత్రం: దేవునికి శరీరం లేదు, శరీర లక్షణాలేవీ ఆయనకు వర్తించవు. మన అఖాయిద్ గ్రంథాలు చదివిన తాలిబె ఇల్మ్ ఎవరైనా ఈ వాక్యాలను తన ఇంటి మాటల్లాగే గుర్తుపడతాడు. ఈ రెండు సూత్రాలలో మొదటిది త్రిత్వాన్ని, రెండవది దేవుడు మానవ దేహం ధరించాడన్న విశ్వాసాన్ని కాదంటున్నాయి.

ఖురాన్ తౌబా సూరాలో యూదులు ఉజైర్‌ను దేవుని కుమారుడన్నారని ఉంది కదా అని పాఠకులు అడగవచ్చు. అది అరేబియాలోని ఒక వర్గం మాట అనీ, యూదులందరి విశ్వాసం కాదనీ వ్యాఖ్యాతలు పలువురు వివరించారు. నేను ఆ వివరణను తరగతిలో ఏనాడూ చెప్పలేదు.

ఇక్కడ ఇబ్ను మైమూన్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. నా తప్పును నాకు చూపించింది ఆయన ఉత్తరమే.

ఆయన ఖుర్తుబాలో పుట్టాడు. అల్ మువహ్హిదీన్ పాలకులు 1148లో ఆ నగరాన్ని పట్టుకొని ముస్లిమేతరులపై నిర్బంధం పెట్టినప్పుడు ఆ కుటుంబం ఊరు విడిచి, ఫాస్ నగరం మీదుగా చివరకు మిస్ర్ చేరింది. అక్కడ ఆయన వైద్యుడై సలాహుద్దీన్ అయ్యూబీ మంత్రి అల్ ఖాదీ అల్ ఫాదిల్ ఆదరణ పొందాడు. 1204లో మరణించాడు. ముస్లిం పాలకుల వల్ల ఇల్లు వాకిలి వదులుకున్న మనిషి, ముస్లిం పాలకుల నీడలోనే బతికిన మనిషి.

యూద ధర్మం స్వీకరించిన ఓబద్యా అనే వ్యక్తి ఆయనకు ప్రశ్నలు పంపాడు. వాటిలో ఒకటి ఇది. ముస్లింలు విగ్రహారాధకులు కారని ఓబద్యా తన గురువుతో అన్నాడు. గురువు ఒప్పుకోలేదు. హజ్‌లో రాళ్ళు విసిరే ఆచారం ఉన్నది కదా, అది పూర్వపు విగ్రహ పూజ కాక మరేమిటి అన్నాడు. శిష్యుడు తన మాట మీద నిలబడేసరికి, మూర్ఖుడని అందరి ముందు అవమానించాడు.

ఇబ్ను మైమూన్ జవాబు సూటిగా ఉంది. ముస్లింలు ఏ విధంగానూ విగ్రహారాధకులు కారు. వారి నోటి నుండీ హృదయాల నుండీ అది తొలగిపోయింది. దేవుని ఏకత్వాన్ని వారు లోపం లేకుండా చాటుతారు. ఒకప్పుడు ఆ గృహంలో విగ్రహాలు ఉండేవన్నంత మాత్రాన ఏమైంది? నేడు అక్కడ సాష్టాంగపడేవారి హృదయం దేవునివైపే ఉంది. ముస్లింలు మనపై అబద్ధాలు చెబుతారని చెప్పి, మనం కూడా వారిపై అబద్ధం చెప్పకూడదని కూడా రాశాడు. ఆ తర్వాత గురువు విషయానికి వచ్చి, శిష్యుణ్ణి అవమానించిన ఆ గురువు పెద్ద పాపం చేశాడనీ, శిష్యుడే అయినా అతన్ని క్షమాపణ కోరవలసి ఉందనీ తీర్పు చెప్పాడు.

ఆ ఉత్తరం సారాంశాన్ని నేను చాలా ఏళ్ళ క్రితమే చదివాను. ఇస్లాంకు ఒక యూద పండితుని సాక్ష్యంగా ప్రసంగాలలో ఉపయోగించాను కూడా. అందులో ఉన్న గురువు గురించి మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. ఆ రాత్రి ఆలోచించాను.

ఆయనే క్రైస్తవుల విషయంలో ఇచ్చిన తీర్పు వేరు. తన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నే తోరాలో ద్రాక్షసారా నియమాలు రాస్తూ, ముస్లిం తాకిన సారాను యూదుడు తాగరాదు గాని అమ్ముకొని లాభం పొందవచ్చు, క్రైస్తవుడు తాకినదైతే ఆ లాభం కూడా నిషిద్ధం అన్నాడు. కారణం, ఆయన లెక్కలో క్రైస్తవులు విగ్రహారాధకులు. (ఐరోపాలో అచ్చయిన ప్రతులలో క్రైస్తవ తనిఖీదారుల భయంతో 'క్రైస్తవులు' అన్న పదాన్ని మార్చివేశారు, చేతిరాత ప్రతులలో అది నిలిచి ఉంది.) విచిత్రమేమంటే, తౌరాతును క్రైస్తవునికి బోధించవచ్చు, ముస్లింకు బోధించకూడదు అన్నదీ ఆయనే. క్రైస్తవుడు తౌరాతు పాఠాన్ని యథాతథంగా అంగీకరిస్తాడు, ముస్లిం ఆ పాఠం మార్పుచెందినదంటాడు అని ఆయన వాదన. తౌహీద్‌లో ఒకరు దగ్గర, గ్రంథంలో మరొకరు దగ్గర.

ఆయన మాటే యూదులందరి మాట కాదు. క్రైస్తవుల నడుమ వ్యాపారం చేసుకొని బతికిన ఫ్రాన్సు యూద పండితులకు ఈ సమస్య పుస్తకంలోది కాదు, రోజూ అంగడిలో ఎదురయ్యేది. క్రైస్తవ భాగస్వామి వ్యాజ్యంలో ప్రమాణం చేస్తే అది అన్యదైవం పేరు మీద చేసిన ప్రమాణం అవుతుందా? పన్నెండవ శతాబ్దపు పండితుడు రబ్బేను తామ్, వారు ఇతరులను కలిపినా వారి మనసులో ఉన్నది ఆకాశ భూముల సృష్టికర్తే అని సడలింపు ఇచ్చాడు. ఈ కలపడానికి యూద ధర్మశాస్త్రంలో 'షితూఫ్' అని పేరు. హీబ్రూలో దాని అర్థం భాగస్వామ్యం. మన 'షిర్క్' అర్థమూ అదే. ధాతువులు వేరైనా రెండు జాతులూ ఆ అపరాధానికి ఒకే పేరు పెట్టుకున్నాయి! అది యూదునికి నిషిద్ధమేగాని ఇతర జాతులను దానికి బాధ్యులను చేయలేమని తర్వాతి పండితులు కొందరు ఆ సడలింపును ఇంకా విస్తరించారు. దక్షిణ ఫ్రాన్సు పండితుడు మెయిరీ, ధర్మ నియమాలకు కట్టుబడిన జాతులను పూర్వపు విగ్రహారాధకులతో కలపరాదన్నాడు. ఇన్ని వాదాలు జరిగినా నేటికీ సంప్రదాయ యూద పండితులలో పలువురు మసీదులో ప్రవేశించడానికి అభ్యంతరం చెప్పరు, చర్చిలో ప్రవేశించడాన్ని మాత్రం నిషేధిస్తారు.

మరి క్రైస్తవులు తమ గురించి తాము ఏమంటారు? ఇది వారి నోటనే వినడం న్యాయం. తాము ముగ్గురు దేవుళ్ళను నమ్ముతున్నామని ఏ క్రైస్తవుడూ అనడు. దేవుడు ఒక్కడే, ఆ ఒకే తత్వంలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఉన్నారంటారు. ఈసా (అ) కుమారుడనీ, అయితే సృష్టింపబడినవాడేననీ బోధించిన ఇస్కందరియా పెద్ద ఆరియస్ వాదాన్ని 325లో నైసియా సభ తోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏక తత్వం కలవాడని ప్రకటించింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మను కూడా ఆరాధనలో చేర్చి ఆ ప్రకటనను పూర్తిచేసింది. రోమన్ కాథలిక్కులు, ఆర్థడాక్సులు, ప్రొటెస్టెంట్లు ఎన్ని విషయాలలో విడిపోయినా దీనిపై విడిపోలేదు. మన అంగీకారం లేనిది దీనితోనే. నిసా సూరా, మాయిదా సూరా 'మూడు' అనే మాటను మానుకోమన్నది ఈ సందర్భంలోనే.

విగ్రహం సంగతి వచ్చేసరికి మాత్రం క్రైస్తవుల ఇల్లు రెండుగా చీలింది. ఆ చీలిక కథలో మనవారికీ ఒక పాత్ర ఉంది. కాన్‌స్టాంటినోపుల్‌లో చక్రవర్తి మూడవ లియో 726 నుండి 730 మధ్య చర్చిలలోని పటాలకు వ్యతిరేకంగా చర్యలు మొదలుపెట్టాడు. పటాల పక్షాన అతి బలంగా కలం పట్టినవాడు దమిష్కు యోహాను. అతని కుటుంబం దమిష్కులో ఉమవీ ఖలీఫాల కొలువులో ఆదాయ వ్యవహారాలు చూసేది; ఇంటి పేరు మన్సూర్. ఖలీఫా రాజ్యంలో ఉన్నందున క్రైస్తవ చక్రవర్తి చేయి అతన్ని అందుకోలేకపోయింది. 754లో పటాల వ్యతిరేకుల సభ అతన్ని ఆ అరబీ పేరుతోనే శపించింది.

అతని వాదన వింటే అసలు ముడి ఎక్కడున్నదో తెలుస్తుంది. దేవుడు కనబడనివాడుగా ఉన్న కాలంలో తౌరాతు ప్రతిమను నిషేధించింది, అది సరే. దేవుడే మనిషి దేహంతో కనబడ్డాక, కనబడినదాన్ని చిత్రించడం తప్పెలా అవుతుందన్నాడు. అంటే పటం మీద జరిగిన తగాదా పటంతో మొదలైనది కాదు. ఇబ్ను మైమూన్ మూడవ సూత్రాన్ని, దేవునికి దేహం లేదన్న దాన్ని, వదిలిన చోట మొదలైనది. 787లో రెండవ నైసియా సభ పటాలను తిరిగి అనుమతిస్తూ గౌరవం వేరు, ఆరాధన వేరు, పటానికి మొదటిది మాత్రమే అని గీత గీసింది. మన మాటల్లో తాజీం వేరు, ఇబాదత్ వేరు అన్నట్లు. ఆ గీత పామరుని మోకాళ్ళ దగ్గర ఎంత నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. దర్గాల వద్ద మనవారిని చూసిన కళ్ళతో నేను ఆ ప్రశ్నను ఇతరులనే అడగలేను.

ఉమ్మె హబీబా (రజి), ఉమ్మె సలమా (రజి) హబషా దేశంలో తాము చూసిన మారియా అనే చర్చిని, అందులోని చిత్రాలను గురించి దైవప్రవక్త (స) ఎదుట ప్రస్తావించిన హదీసు బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. వారిలో పుణ్యాత్ముడు మరణిస్తే అతని సమాధిపై ఆరాధనా మందిరం కట్టి అందులో ఆ చిత్రాలు వేసేవారని ఆయన (స) ఖండించారు. గమనించండి, ఖండన ఒక నిర్దిష్టమైన పనిపై ఉంది.

తర్వాత దాదాపు తొమ్మిది వందల ఏళ్ళకు ఆ ఖండనను పోలిన మాట క్రైస్తవుల లోపలి నుండే వచ్చింది. 1524లో జూరిచ్ నగరంలో జ్వింగ్లీ అనుచరులు చర్చిల నుండి ప్రతిమలను తొలగించి గోడలకు సున్నం కొట్టారు. 1566లో నెదర్లాండ్స్‌లో జనమే చర్చిలపై పడి ప్రతిమలను పగలగొట్టారు. పది ఆజ్ఞలను లెక్కపెట్టడంలో కూడా ఈ చీలిక కనబడుతుంది. కాథలిక్కులు, లూథరన్లు 'వేరొక దేవుడు ఉండకూడదు' అన్నదానిలోనే ప్రతిమ నిషేధాన్ని కలిపి మొదటి ఆజ్ఞగా లెక్కిస్తారు. బాప్టిస్టులు, ఆంగ్లికన్లు, జ్వింగ్లీ, కాల్విన్ మార్గీయులు దానిని విడదీసి రెండవ ఆజ్ఞగా నిలుపుతారు. యూదుల లెక్కలోనూ ప్రతిమ నిషేధం రెండవ ఆజ్ఞలోనే ఉంది.

మన తెలుగు నేలపై ఈ రెండు దారులూ ఉన్నాయి. విజయవాడ గుణదల కొండపై మర్యమ్ (అ) ప్రతిమ వద్దకు ఏటా ఫిబ్రవరిలో లక్షల జనం వస్తారు. అది కాథలిక్కుల దారి. పల్లెల్లో బాప్టిస్టుల ప్రార్థనా మందిరంలో వట్టి గోడ, ఒక సిలువ, ఒక బల్ల. ఇంకొక విశేషం: గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో ఒకప్పుడు క్రైస్తవ సంఘంలో ఉండి, గత శతాబ్ది చివరి దశాబ్దాలలో తాము ఇస్రాయీల్ సంతతివారమని యూదాచారాలు చేపట్టిన 'బెనె ఎఫ్రాయిం' కుటుంబాలున్నాయి. గోడ వారికి క్రైస్తవంలోనూ వట్టిదే. మారినది గోడ మీది వస్తువు కాదు.

మరుసటి గురువారం తరగతిలో, పాఠం మొదలుపెట్టకముందు, నేను పోయిన వారం తప్పు చెప్పానని పిల్లలందరి ముందు అన్నాను. ఆ అమ్మాయిని పేరు పెట్టి పిలిచి, "బేటీ, నిన్ను గద్దించడం కూడా తప్పే, నన్ను క్షమించు" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె అమ్మమ్మ విగ్రహారాధకురాలు కాదనీ, ఈసా (అ)ను దేవుని కుమారునిగా, దేవునిగా పిలిచి ప్రార్థించడం వద్దనే మనకూ ఆమెకూ దారులు వేరవుతాయనీ, ఆ వేరు చిన్నది కాదనీ చెప్పాను. ఖురాన్ బయ్యినా సూరాలో గ్రంథ ప్రజలనూ బహుదైవారాధకులనూ వేర్వేరు పేర్లతో పిలిచిందని చూపించాను.

"అమ్మమ్మ ఇంట్లో గోడ మీద పది ఆజ్ఞల పటం ఉంది హజ్రత్" అంది.

"రెండవది ఏముందో చూసి రా."

"చూశాను. బొమ్మల సంగతే."

కొంతసేపు ఊరుకొని, అసలు అడగదలచినది అడిగింది. "సెలవులకు పోతే అమ్మమ్మ నాకోసం కోడిని కోస్తుంది. నాన్న తినొద్దంటాడు. నేను తినకపోతే అమ్మమ్మ ఆ పూట ఏమీ తినదు. తినవచ్చా?"

మాయిదా సూరా అయిదవ ఆయతు గ్రంథ ప్రజల ఆహారాన్ని మనకు ధర్మసమ్మతం చేసిందనీ, అయితే కోసేటప్పుడు దేవుని పేరు తప్ప మరొకరి పేరు పలుకకూడదని మన హనఫీ ఫుఖహా షరతు పెట్టారనీ చెప్పాను. కోసేది ఎవరు, మెడను సరిగా కోస్తారా, ఏ పేరు పలుకుతారు అని అడిగాను. కోసేది అమ్మమ్మేనట. ఏమంటుందో ఎప్పుడూ వినలేదట. వంటింటి వెనుక కోస్తుంది, ఈమె చూడలేక లోపలే ఉండిపోతుంది.

ఈసారి దగ్గర నిలబడి విని రమ్మన్నాను. వేరే పేరు పలుకుతున్నట్లయితే, "అమ్మమ్మా, దేవుని పేరు ఒక్కటే చెప్పు" అని అడగమన్నాను. దసరా సెలవులకు వెళ్ళింది. ఇంకా తిరిగి రాలేదు.